ఫండోప్లికేషన్ అయిన ఆరేళ్లకు మళ్లీ మంట: రెండో ఆపరేషన్‌కి వెళ్లాలా?

అమ్మా, మీరు రాసినదంతా చదివాను. మిగతావాళ్లకు కూడా అర్థమయ్యేలా ముందు మీ ప్రశ్నను క్లుప్తంగా చెబుతాను. మీ వారికి 44 ఏళ్లు. గచ్చిబౌలిలో ఉద్యోగం, ఎక్కువగా నైట్ షిఫ్టులు. ఆరేళ్ల కిందట హయాటస్ హెర్నియా సరిచేసి, దాంతోపాటే ల్యాప్రోస్కోపీలో నిస్సెన్ ఫండోప్లికేషన్ (యాసిడ్ పైకి ఎగదన్నకుండా కడుపు పైభాగాన్ని అన్నవాహిక చుట్టూ చుట్టే ఆపరేషన్) చేశారు. నాలుగేళ్లు మాత్ర ముట్టకుండా హాయిగా గడిచింది. తర్వాత మళ్లీ గుండెల్లో మంట, పడుకుంటే గొంతులోకి పుల్లటి నీళ్లు, కడుపుబ్బరం, పొడిదగ్గు. యాసిడ్ తగ్గించే పాంటోప్రజోల్ మాత్ర రెండు పూటలా వేసుకున్నా సగమే తగ్గుతోంది. ఎండోస్కోపీ రిపోర్టులో ర్యాప్ (ఆ చుట్టు) వదులైందని రాశారు. ఒక సర్జన్ మళ్లీ చేసేద్దామన్నారు, ఇంకో డాక్టరు దాని జోలికి పోవద్దన్నారు. మీ బావగారేమో ఇన్సూరెన్స్ ఉన్నప్పుడే కానిచ్చేయమంటున్నారు.

నేను హైదరాబాద్‌లోనే సర్జికల్ గ్యాస్ట్రోఎంటరాలజిస్టుగా చాలా ఏళ్లు పనిచేశాను. ఇలాంటి రెండో ఆపరేషన్లు చేశాను. అవసరం లేదని చెప్పి పంపించినవాళ్లు అంతకంటే ఎక్కువ. నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను: ఇప్పుడు మీ చేతిలో ఉన్న కాగితాలతో మాత్రం ఒప్పుకోకండి. మొదటి ఆపరేషన్ ఎక్కడ చెడిందో, అసలు చెడిందో లేదో ఇంకా ఎవరూ తేల్చలేదు. అది తేలకుండా రెండోసారి చేస్తే, మొదటిదాన్ని చెడగొట్టిన కారణమే రెండోదాన్నీ చెడగొడుతుంది.

ఆ ఆపరేషన్‌లో ఏం చేస్తారో రెండు ముక్కల్లో చెబుతాను, లేకపోతే మిగతాది అర్థం కాదు. ఛాతీకి, పొట్టకు మధ్య డయాఫ్రం అనే కండరం ఉంటుంది. అందులోని రంధ్రం గుండా అన్నవాహిక కిందికి దిగి కడుపులో కలుస్తుంది. ఆ రంధ్రం వెడల్పై కడుపు పైకి జారితే అది హయాటస్ హెర్నియా. జారిన కడుపును కిందికి లాగి, రంధ్రాన్ని కుట్లు వేసి బిగించి, కడుపు పైభాగాన్ని అన్నవాహిక చివరి చుట్టూ మెడకు మఫ్లర్ చుట్టినట్టు చుడతారు. ఆ చుట్టునే ర్యాప్ అంటాం. పూర్తిగా చుడితే నిస్సెన్, వెనకనుంచి ముప్పావు వంతు చుడితే టూపే. రుడాల్ఫ్ నిస్సెన్ దీన్ని 1956లో ప్రచురించాడు. ల్యాప్రోస్కోపీలోకి వచ్చింది 1991లో.

ఇది చెడే దారులు కొన్నే. అన్నిటికంటే ఎక్కువగా కనిపించేది, డయాఫ్రం దగ్గర కుట్లు వదిలి ర్యాప్ మొత్తం ఛాతీలోకి ఎక్కడం. ఇంకొన్నిసార్లు ర్యాప్ ఊడిపోతుంది, లేదా ఉండాల్సిన చోటు నుంచి కిందికి జారి కడుపు మధ్యలో బిగుసుకుంటుంది. కొందరిలో మొదటినుంచీ బిగుతు ఎక్కువై ముద్ద దిగదు. కొందరిలో అన్నవాహికే పొట్టిగా ఉంటుంది, దాన్ని బలవంతంగా కిందికి లాగి కుడితే అది తిరిగి పైకే లాక్కుంటుంది. ఇవన్నీ కాక అందరం చెప్పడానికి కాస్త ఇబ్బందిపడే కారణం ఇంకొకటుంది: అసలు జబ్బు రిఫ్లక్స్ (కడుపులోని యాసిడ్ పైకి ఎగదన్నడం) కాకపోవడం. అన్నవాహిక కదలికలో లోపం ఉన్నా, నరాలు మామూలు స్పర్శను కూడా మంటగా చూపిస్తున్నా, బయటికి కనిపించేది అదే గుండెల్లో మంట. దానికి ర్యాప్ ఎన్నిసార్లు చుట్టినా ఒకటే.

ఇప్పుడు 'ర్యాప్ వదులైంది' అన్న ఆ వాక్యం సంగతి. కెమెరాను కడుపులో వెనక్కి తిప్పి చూసి రాసిన ఒక అభిప్రాయం అది. చూసే చేతిని బట్టి మారుతుంది. ర్యాప్ కాస్త వదులుగా కనిపిస్తూ ఏ బాధా లేనివాళ్లు ఉన్నారు, చూడటానికి చక్కగా ఉన్నా యాసిడ్ ఎగదన్నేవాళ్లూ ఉన్నారు. ఆ రిపోర్టులో మీరు వెతకాల్సింది వేరే: అన్నవాహికలో పుండ్లు ఉన్నాయా, ఉంటే వాటి తీవ్రత ఎంత గ్రేడు (A అంటే తక్కువ, D అంటే ఎక్కువ)? B, C, D అని రాస్తే యాసిడ్ నిజంగానే పైకి వస్తోందనడానికి అది గట్టి రుజువు. A గ్రేడు మాత్రమే అయితే దాని మీద ఆధారపడి ఆపరేషన్ చేయకూడదు. ఏమీ లేకపోతే యాసిడ్ కొలవకుండా ముందుకు వెళ్లడానికే లేదు. బారెట్స్ (యాసిడ్ వల్ల అన్నవాహిక లోపలి పొర మారిపోవడం) అన్న మాట కనిపిస్తే బయాప్సీ ఫలితం కూడా చూడాలి.

ఆపరేషన్ తర్వాత మళ్లీ మాత్రలు మొదలుపెట్టినవాళ్లను అన్నవాహికలో యాసిడ్‌ను కొలిచే 24 గంటల పీహెచ్ టెస్టుకు పంపితే, చాలామందిలో యాసిడ్ నార్మల్‌గానే ఉన్నట్టు వస్తుంది. ఇది నా అనుభవం మాత్రమే కాదు, ప్రచురితమైన అధ్యయనాల్లోనూ ఇదే తేలింది. వాళ్ల బాధ అబద్ధమని అర్థం కాదు, దానికి కారణం వేరే ఉందని. అమెరికాలో మాజీ సైనికుల ఆస్పత్రుల్లో చేసి 2019లో ప్రచురించిన ఒక అధ్యయనం ఇక్కడ గుర్తుకొస్తుంది. మాత్రలకు లొంగని మంట అని వచ్చిన 366 మందిని తీసుకున్నారు. పాంటోప్రజోల్ లాంటిదే అయిన ఒమెప్రజోల్‌ను సరైన పద్ధతిలో రెండు వారాలు వేయిస్తే 42 మందికి అక్కడే తగ్గిపోయింది. అన్ని పరీక్షలూ చేస్తే 99 మందికి యాసిడ్‌తో సంబంధం లేని మంట అని తేలింది. చివరికి నిజంగా రిఫ్లక్స్ వల్లే బాధపడుతున్నవాళ్లని మిగిలింది 78 మంది. వాళ్లలో ఆపరేషన్ చేయించుకున్నవాళ్లలో 67 శాతానికి మేలు జరిగింది, ఒమెప్రజోల్‌కు వేరే మందులు జతచేసి వాడినవాళ్లలో 28 శాతానికే. వాళ్లు రెండోసారి ఆపరేషన్‌కి వచ్చినవాళ్లు కారు. అయినా నేను చెప్పేది ఇదే: సరైన మనిషికి చేస్తే ఆపరేషన్ బాగా పనిచేస్తుంది. కష్టమంతా ఆ సరైన మనిషిని గుర్తించడంలోనే ఉంది.

కాబట్టి పరీక్షలు. బేరియం స్వాలోతో (బేరియం ద్రవం తాగిస్తూ తీసే ఎక్స్‌రేతో) మొదలుపెట్టండి. పాతకాలం పరీక్ష అని చాలామంది వదిలేస్తారు కానీ, ర్యాప్ డయాఫ్రానికి పైనుందా కిందుందా అన్నది నిలబెట్టి, పడుకోబెట్టి తీసిన ఆ ఫిల్ముల్లో తెలిసినంత బాగా ఎండోస్కోపీలో తెలియదు. ఛాతీలోకి ఎక్కినట్టు అనుమానం వస్తే సీటీ తీస్తారు. తర్వాత మ్యానోమెట్రీ. ముక్కులోంచి సన్నటి గొట్టం వేసి, కొద్దికొద్దిగా నీళ్లు మింగిస్తూ అన్నవాహిక ఎంత బలంగా నెడుతోందో చూస్తారు. పదిహేను ఇరవై నిమిషాల పని, కాస్త ఓపిక కావాలి. ఇది చేయకుండా రెండో ఆపరేషన్ చేస్తానన్న సర్జన్ దగ్గరికి వెళ్లకండి. ఇంత ఖరాఖండీగా ఇంకే విషయంలోనూ చెప్పను.

పైన చెప్పిన 24 గంటల పీహెచ్ టెస్టు, అంటే పీహెచ్-ఇంపెడెన్స్ పరీక్ష, అన్నిటికంటే ముఖ్యం, ఎక్కువగా పాడుచేసుకునేదీ దాన్నే. ముక్కులోంచి అన్నవాహికలోకి సన్నటి ట్యూబు వేసి, భుజాన తగిలించిన డబ్బాలో రోజంతా రికార్డు చేస్తారు. కనీసం ఏడు రోజుల ముందు పాంటోప్రజోల్ ఆపాలి. డాక్టరు చెబితేనే ఆపండి, ఆ వారం మంటకు యాంటాసిడ్ సిరప్‌తో సరిపెట్టుకోవాలి. ఇక ట్యూబు వేశాక చాలామంది ఏం చేస్తారంటే, ముక్కుకు ప్లాస్టరు, భుజాన డబ్బా చూసి జడుసుకుని, సెలవు పెట్టి, మంచం మీద దిండ్లకు ఆనుకుని, రోజంతా పెరుగన్నం తింటారు. రిపోర్టు నార్మల్ వస్తుంది. రాకేం చేస్తుంది? మీ వారిని ఆ రోజు ఆఫీసుకు వెళ్లమనండి, వీలుకాకపోతే కనీసం ఆఫీసు రోజున తినేవే తినమనండి. మధ్యాహ్నం పప్పు, ఆవకాయ, సాయంత్రం ఇరానీ చాయ్, మిర్చి బజ్జీ, ఏ వేళకు పడుకుంటారో ఆ వేళకే పడుకోవడం. మంట వచ్చిన ప్రతిసారీ, దగ్గు వచ్చిన ప్రతిసారీ డబ్బా మీద బటన్ నొక్కాలి, టైము కాగితం మీద రాసుకోవాలి. ఆ బటన్ గుర్తులు లేకపోతే యాసిడ్ వచ్చిన టైముకీ బాధ వచ్చిన టైముకీ సంబంధం ఉందో లేదో ఎవరికీ తెలియదు. రిపోర్టులో అన్నవాహిక యాసిడ్‌లో ఉన్న సమయం 4 శాతం లోపుంటే నార్మల్, అంటే రోజు మొత్తంలో గంట కంటే తక్కువ. 6 శాతం దాటితే, అంటే దాదాపు గంటన్నర, రిఫ్లక్స్ ఖాయం. మధ్యలో ఉంటే మిగతా పరీక్షలతో కలిపి చూడాలి.

కడుపుబ్బరం కూడా ఉందన్నారు కాబట్టి గ్యాస్ట్రిక్ ఎంప్టీయింగ్ స్కాన్ (తిన్నది కడుపు ఎంత త్వరగా ఖాళీ చేస్తోందో చూసే పరీక్ష) అడగండి. మొదటి ఆపరేషన్‌లో కడుపును కదిలించే వేగస్ నరం దెబ్బతిని ఉంటే కడుపు ఆలస్యంగా ఖాళీ అవుతుంది. తిన్న నాలుగు గంటలకు కూడా పదో వంతు కంటే ఎక్కువ లోపలే ఉంటే అది తేడా. విదేశాల్లో గుడ్డుతో చేసే ఈ పరీక్షను మన దేశంలో ఇడ్లీతో కూడా చేస్తున్నారు, శాకాహారులకు బెంగ లేదు. కడుపే కదలనప్పుడు పైన మూత ఎంత గట్టిగా బిగిస్తే అంత ఇబ్బంది, ఉబ్బరం ఇంకా పెరుగుతుంది.

ఇంకొక కాగితం కూడా కావాలి, దీన్ని ఎవరూ అడగరు: మొదటి ఆపరేషన్ నోట్స్. డిశ్చార్జ్ సమ్మరీ సరిపోదు, అందులో ఒక్క లైనే ఉంటుంది. హెర్నియా ఎంత పెద్దది, ర్యాప్ పూర్తిగా చుట్టారా పాక్షికంగానా, మెష్ (కుట్లకు దన్నుగా వేసే వల) వాడారా, అన్నవాహిక ఎంత పొడవు కిందికి వచ్చింది, ఇవన్నీ ఆపరేషన్ నోట్స్‌లో ఉంటాయి. మెష్ ఉంటే రెండో ఆపరేషన్ కథే మారిపోతుంది. ఆస్పత్రి మెడికల్ రికార్డ్స్ సెక్షన్‌లో రాతపూర్వకంగా అడగండి. రోగి అడిగితే 72 గంటల్లో రికార్డులివ్వాలని 2002 నాటి వైద్య నియమావళిలో ఉంది. అయితే అదే నియమావళి ప్రకారం మూడేళ్లు దాచిపెడితే చాలు, మీది ఆరేళ్ల నాటిది. అయినా వీడియో, కంప్యూటర్ రికార్డు మిగిలి ఉండే అవకాశం ఉంది, ఓసారి వెళ్లి అడిగితే పోయేదేమీ లేదు.

ఈ పరీక్షల డేట్లు దొరికేలోపు ఒక పని చేయండి. మీరు రాసినదాంట్లో నన్ను ఆపింది నైట్ షిఫ్ట్ అన్న మాట. ఇలాంటివాళ్లు నాకు బాగా తెలుసు. తెల్లవారుజామున క్యాబ్ దిగి, సందు చివర టిఫిన్ బండి దగ్గర పూరీనో మైసూర్ బజ్జీనో తిని, ఇంటికొచ్చి వెంటనే పడుకుంటారు. నిండు కడుపుతో పడుకోవడం రిఫ్లక్స్‌కి అన్నిటికంటే చెడ్డది. మాత్ర విషయం ఇంకా ఘోరం. చీటీలో 'పొద్దున పరగడుపున' అని రాస్తారు, వీళ్లు పడుకోబోయే ముందు ఏడింటికి వేసుకుంటారు. పాంటోప్రజోల్ లాంటి మాత్ర వేసుకున్న అరగంట, ముప్పావుగంటలో భోజనం కడుపులో పడాలి, అప్పుడే యాసిడ్ తయారుచేసే పంపులు మేలుకుని మందుకు దొరుకుతాయి. వేసుకుని పడుకుంటే మాత్ర దండగ. మీ వారికి పొద్దున అంటే మధ్యాహ్నం రెండు గంటలు. లేచాక మొదటి భోజనానికి అరగంట ముందు ఒకటి, రాత్రి ఆఫీసులో తినేదానికి అరగంట ముందు రెండోది. తెల్లవారుజామున తినడం మానేయాలి, లేదా తిన్న మూడు గంటల దాకా పడుకోకూడదు. మంచం తలవైపు కాళ్ల కింద ఆరంగుళాల ఎత్తు చెక్కలు పెట్టండి, దిండ్లు పెంచితే నడుం మడతపడి ఇంకా ఒత్తిడి పెరుగుతుంది. ఎడమవైపు తిరిగి పడుకోమనండి. ఈ ఆరేళ్లలో బరువు పెరిగారా అన్నది మీరు రాయలేదు. పెరిగి ఉంటే ర్యాప్ ఎందుకు వదులైందో సగం జవాబు అక్కడే ఉండొచ్చు.

ఈ మార్పులతో ఆరు నుంచి ఎనిమిది వారాలు చూడొచ్చు. అప్పటికీ లొంగకపోతే మాత్ర మార్చవచ్చు. వోనోప్రాజాన్ అనే కొత్త రకం మందు ఇప్పుడు ఇక్కడ కూడా దొరుకుతోంది, దానికి భోజనం టైముతో పట్టింపు తక్కువ. ఇది మీ గ్యాస్ట్రో డాక్టరుతో మాట్లాడి మొదలుపెట్టాలి, పీహెచ్ పరీక్షకు ముందు దీన్నీ ఆపాలి.

'మాత్రలు జీవితాంతం వేసుకుంటే కిడ్నీలు పోతాయట, ఎముకలు గుల్లవుతాయట, అందుకే ఆపరేషన్ మేలు' అని మీ చుట్టాలు అన్నారని రాశారు. ఈ భయంతోనే ఆపరేషన్ బల్ల ఎక్కినవాళ్లను చూశాను. 17,598 మందికి పాంటోప్రజోల్ లేదా ఉత్తుత్తి మాత్ర ఇచ్చి సుమారు మూడేళ్లు గమనించిన పెద్ద అధ్యయనం ఒకటి 2019లో వచ్చింది. కిడ్నీ జబ్బులోగానీ, ఎముకలు విరగడంలోగానీ రెండు గుంపులకూ తేడా కనిపించలేదు. పేగు ఇన్ఫెక్షన్లు మాత్రం మందు వాడినవాళ్లలో కాస్త ఎక్కువ. అవసరం లేకుండా ఏళ్ల తరబడి వాడమని నేను చెప్పను. కానీ రెండో ఆపరేషన్ రిస్కును మాత్ర రిస్కు పక్కన పెట్టి తూచితే మాత్రవైపు భయపడాల్సింది చాలా తక్కువ.

ఆ రెండో ఆపరేషన్ లోపల ఎలా ఉంటుందో కూడా తెలియాలి. మొదటిసారి పొర పొరగా విడిపోయే చోట ఇప్పుడు అంతా అతుక్కుపోయి ఉంటుంది. కాలేయం ఎడమవైపు భాగం వచ్చి ర్యాప్ మీద అంటుకుంటుంది. దాన్ని మిల్లీమీటరు చొప్పున విడదీస్తుంటే కాలేయం నుంచి రక్తం ఊరుతుంది, ఇటు జరిగితే కడుపు గోడకు చిల్లు పడుతుంది. వేగస్ నరం మచ్చలో కలిసిపోయి కనిపించదు. పాత ర్యాప్‌ను పూర్తిగా విప్పి, అన్నవాహికను ఛాతీలోకి దాకా విడిపించి, లాగకుండానే రెండు మూడు సెంటీమీటర్లు పొట్టలో నిలిచేలా తేవాలి. అలా రాకపోతే కడుపు పైభాగంతోనే గొట్టం పొడవు పెంచాలి, దాన్ని కాలిస్ అంటాం. అప్పుడు మళ్లీ కొత్త ర్యాప్. మొదటిది గంటన్నరలో అయితే ఇది నాలుగైదు గంటలు పట్టొచ్చు. అనుభవమున్న సెంటర్ల లెక్కల్లో రెండోసారి చేయించుకున్న పదిమందిలో సుమారు ఎనిమిదిమంది తృప్తిగానే ఉన్నారు. మొదటిసారి ఫలితం కంటే తక్కువ, కాంప్లికేషన్లు ఎక్కువ. మూడోసారికి ఇంకా దిగజారుతుంది. అందుకే రెండోదాన్ని ఆఖరి అవకాశంలా చూడాలి. ఊబకాయం ఉన్నవాళ్లకు, రెండుసార్లు విఫలమైనవాళ్లకు ర్యాప్ బదులు రూ-ఎన్-వై బైపాస్ (కడుపును చిన్నది చేసి చిన్నపేగుకు కలిపే ఆపరేషన్) మేలని నా అభిప్రాయం.

మీ వారి ఇబ్బందుల్లో ఏది అన్నిటికంటే ఎక్కువగా బాధపెడుతోందో ఒకసారి కూర్చుని అడగండి. పడుకుంటే పుల్లటి నీళ్లు రావడమే ప్రధానమై, బేరియంలో ర్యాప్ పైకి ఎక్కినట్టు, పీహెచ్‌లో 6 శాతం దాటినట్టు, మ్యానోమెట్రీలో అన్నవాహిక బలంగా ఉన్నట్టు వస్తే నేనే ఆపరేషన్ చేయించుకోమంటాను, సందేహం లేకుండా. అలాంటివాళ్లు బాగుపడతారు. దగ్గు ఒక్కటే ప్రధానమైతే ఆపరేషన్‌తో తగ్గుతుందన్న హామీ ఎవరూ ఇవ్వలేరు, ముందు పల్మనాలజిస్టుకు, ఈఎన్‌టీకి చూపించాలి. ఉబ్బరం, తేన్పు రాకపోవడం ప్రధానమైతే కొత్త ర్యాప్ దాన్ని ఇంకా పెంచొచ్చు. పీహెచ్ నార్మల్ వచ్చి మంట మాత్రమే ఉంటే తక్కువ డోసు అమిట్రిప్టిలిన్, డయాఫ్రంతో శ్వాస తీసుకునే వ్యాయామం లాంటివి ఎంతో పనిచేస్తాయి. 'డిప్రెషన్ మాత్ర ఇచ్చారేంటి' అని మధ్యలో మానేస్తారు జనం. ఇక్కడ ఇచ్చేది నరాల అతిస్పందన తగ్గించడానికి, చాలా చిన్న డోసులో.

స్వీడన్‌లో ఈ ఆపరేషన్ మొదటిసారి చేయించుకున్న 2,655 మందిని గమనించి 2017లో ప్రచురించారు. 17.7 శాతానికి రిఫ్లక్స్ తిరిగి వచ్చింది. వాళ్లలో రెండో ఆపరేషన్‌కి వెళ్లింది 16.4 శాతమే, మిగతావాళ్లంతా మాత్రలతో నెట్టుకొచ్చారు. అంటే తిరగబెట్టడం అరుదేమీ కాదు, తిరగబెట్టిన ప్రతి ఒక్కరూ మళ్లీ కత్తి కిందికి వెళ్లడం లేదు.

బావగారి మాటలో కొంత నిజం ఉంది. కంపెనీ గ్రూప్ పాలసీల్లో సాధారణంగా పాత జబ్బులకు మొదటి రోజు నుంచే కవర్ ఉంటుంది. ఉద్యోగం మారి సొంతంగా కొత్త పాలసీ తీసుకుంటే పాత జబ్బుకు మూడేళ్ల దాకా ఆగాల్సి రావచ్చు. కానీ పరీక్షలకు నెలా రెండు నెలలు తీసుకుంటే పాలసీ పారిపోదు. మ్యానోమెట్రీ, పీహెచ్ ఓపీలో చేసేవి కాబట్టి వాటికి సొంత డబ్బులే పెట్టాల్సి రావచ్చు, ముందే ఆస్పత్రిలో ఇన్సూరెన్స్ పనులు చూసే టీపీఏ డెస్కులో అడగండి. ఆరోగ్యశ్రీ ఉన్నవాళ్లు ఎవరైనా ఇది చదువుతుంటే, ఈ ప్యాకేజీ వర్తిస్తుందో లేదో ఆస్పత్రిలోని ఆరోగ్యమిత్రను కనుక్కోండి. నిమ్స్‌లో, ఉస్మానియాలో సర్జికల్ గ్యాస్ట్రో విభాగాలున్నాయి.

సర్జన్‌ను కలిసినప్పుడు మొహమాటపడకుండా అడగండి: రీడూలు (ఇలాంటి రెండో ఆపరేషన్లు) ఏడాదికి ఎన్ని చేస్తారు, మొదటిది ఎందుకు చెడిందని అనుకుంటున్నారు, అన్నవాహిక పొట్టిగా ఉంటే ఏం చేస్తారు. ఈ మూడింటికీ తడుముకోకుండా జవాబు చెప్పినవాళ్ల దగ్గరే చేయించుకోండి. ప్రశ్న అడిగితే విసుక్కునేవాళ్ల దగ్గర వద్దు.

పైన చెప్పినదంతా తీరిక ఉన్న పరిస్థితికి. ముద్ద దిగకపోవడం, బరువు తగ్గిపోవడం, వీటిలో ఏది కనిపించినా అదే వారంలో డాక్టరును కలవాలి. నల్లటి విరేచనం, రక్తం వాంతి అయితే అదే రోజు. ఛాతీలోనో పొట్ట పైభాగంలోనో విపరీతమైన నొప్పి వచ్చి, వాంతి చేసుకోవాలని ఎంత తన్నుకులాడినా బయటికి ఏమీ రాకపోతే, ఛాతీలోకి ఎక్కిన కడుపు మెలిపడి ఉండొచ్చు. గుండెపోటు కూడా అలాగే మొదలవ్వొచ్చు. 44 ఏళ్లకు ఏదని ఇంట్లో కూర్చుని తేల్చుకోవద్దు. ఎసిడిటీయేలే అని సోడా తాగించకుండా 108కి ఫోన్ చేసి, ఈసీజీ, సీటీ రెండూ ఉన్న ఆస్పత్రికే తీసుకెళ్లండి. పాత ఆపరేషన్ సంగతి క్యాజువాల్టీలో మొదటి మాటగా చెప్పండి.